వడ్ల కాంటా, మా సర్వరు

మొన్న పింఛను పని ఒకటి మిగిలిపోయి ఉంటే, ఎండ ముదరకముందే తీర్చేసుకుందామని చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో ఒక వెబ్‌సైటు తెరిచాను. ఏ ఆఫీసుదో చెప్పను, చెప్పినా మీకు కొత్త కాదు, మన వయసు వాళ్లందరం ఏదో ఒక వెబ్‌సైటు గుమ్మం ముందు నిలబడి బతిమాలుకుంటున్న వాళ్లమే కదా. నంబరు కొట్టి, వంకర అక్షరాలు చదివి కొట్టి, ఓటీపీ కోసం కళ్లు కాయలు కాసేలా చూసి, అదీ కొట్టి, ఇక పని అయిందనుకునే వేళకు చేతిలో పానా పట్టుకుని తల గోక్కుంటున్న బొమ్మ మనిషి ఒకడు తెర మీదికి వచ్చి, అయ్యో ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి రండి అని పళ్లికిలించాడు. ఏదో పొరపాటట! ఆ మాట చూడగానే నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. చాయ్ అక్కడే వదిలేసి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను.

ఇంత చిన్న విషయానికి అంత చిరాకెందుకు, రేపు చూసుకోవచ్చు కదా అన్నారు మా వారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, కానీ అటువంటి బొమ్మ ఒకటి కరీంనగర్‌లో మా ఆఫీసులో నా కళ్ల ముందే పుట్టింది. దాని పురుడు చూసినదాన్ని కాబట్టి ఆ ఇకిలింపు నాకు ఇప్పటికీ పడదు.

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యానని నన్నెరిగిన వాళ్లకు తెలుసు గానీ, అంతకుముందు కొన్నేళ్లు ప్రోగ్రాములు రాసి పొట్ట పోసుకున్నానని చాలామందికి తెలియదు. మొట్టమొదట ఆదిలాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో చేరాను. అక్కడ చలికాలం పొద్దుటిపూట కీబోర్డు మీద వేళ్లు కదిలేవి కావు, చదువుకోవడానికి వచ్చిన వాళ్లు సగం తెలుగు సగం మరాఠీ కలిపి సందేహాలు అడిగితే నాకు సగమే అర్థమయ్యేది, అయినా ఆ రోజులు తలచుకుంటే మనసు కుదుటపడుతుంది. ఆ కేంద్రం నడిపే పెద్దాయనకు ముక్కు మీద కోపం. ఆయన పెట్టిన నియమం ఒక్కటే, యంత్రం తప్పు చూపిస్తే ఆ తప్పు ఏమని రాసిందో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదవాలి, చదవకుండా ఎవరైనా కీబోర్డు మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి మీద స్కేలు పడేది. నేనూ ఆ స్కేలు దెబ్బ తిన్నాను, పాఠం మాత్రం ఇప్పటిదాకా మరిచిపోలేదు.

మా వారి బదిలీతో కరీంనగర్ వచ్చాక, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉన్న కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. వడ్ల కొనుగోలు సెంటర్లకు టోకెన్లు ఇచ్చే వెబ్‌సైటు ఆ కంపెనీ చేతిలో ఉండేది. రైతు వడ్లు తెచ్చి సెంటరులో కుప్ప పోసుకుంటాడు, అక్కడ కూర్చున్న ఆపరేటరు మా వెబ్‌సైటులో అతని పేరెక్కించి టోకెన్ తీస్తాడు, టోకెన్ వస్తేనే కాంటా, అంటే తూకం, కాంటా అయితేనే వడ్లు సంచుల్లోకి, లారీలోకి. టోకెన్ రాకపోతే కుప్ప అక్కడే, కుప్ప పక్కన రైతు అక్కడే. మేము మీటలు నొక్కే పని ఎంత దూరం పోతుందో ఆ ఆఫీసులో తెలిసిన వాళ్లు తక్కువ, తెలుసుకోవాలనుకున్న వాళ్లు అసలే లేరు.

ఆ ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి, మీకు ఏవగింపు కలిగితే నన్ను క్షమించండి. అంతస్తు మొత్తానికి ఏసీ ఉన్న గది సర్వరు గది ఒక్కటే. ఎండాకాలంలో కరీంనగర్ ఎలా మండుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకని మా ఆఫీసును నడిపే పెద్ద తాలూకు బావమరుదులూ, ఆ బావమరుదుల దోస్తులూ మధ్యాహ్నం తిండి కాగానే ఆ గదిలో చాపలు పరుచుకుని గుర్రు పెట్టేవాళ్లు. జిల్లా మొత్తం వడ్ల లెక్క దాచుకున్న యంత్రం మీద టిఫిన్ డబ్బాలు, మామిడికాయ తొక్కు సీసా, ఒకరిద్దరి బనియన్లు. గది మూలన గుట్కా ఉమ్మిన ఎర్రటి మరకలు, వాటి మీద ఎవరో భక్తితో అంటించిన దేవుడి పటం, ఆ పటం ఉంటే ఉమ్మరని ఆశ. పటం పక్కగా ఉమ్మేవాళ్లు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఆ గదిలోకి వెళ్లేదాన్ని.

ఇక మా పని. వెబ్‌సైటు ఒకటి, లెక్కలన్నీ దాచుకునే డేటాబేసు ఇంకొకటి. ఆపరేటరు ఏదైనా అడిగిన ప్రతిసారీ వెబ్‌సైటు డేటాబేసు దగ్గరికి వెళ్లి రావాలి, ఆ రాకపోకల దారినే మేము కనెక్షన్ అనేవాళ్లం. ఆ దారులు ఒకేసారి ఇన్నే అని ఒక లెక్క ఉంటుంది. మేము వాడిన ఫ్రేమ్‌వర్క్, అంటే గోడలూ తలుపులూ ముందే కట్టి ఇచ్చిన ఇల్లులాంటిది, ఈ ఏర్పాటు ముందే చేసి పెట్టింది. ఒక దారి తీసుకో, పని చూసుకో, వెంటనే తిరిగి ఇచ్చెయ్, ఇంకొకడు వాడుకుంటాడు, అంతే దాని పద్ధతి. చక్కటి పద్ధతి. ఆ పద్ధతి మీద మన వాళ్లు చెయ్యి పెట్టకుండా ఉంటే ఇవాళ నేను ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

కొనుగోళ్లు మొదలైన కొన్నాళ్లకే రోజూ పొద్దెక్కేసరికి వెబ్‌సైటు చేతులెత్తెయ్యడం మొదలుపెట్టింది. డేటాబేసుకు కనెక్షన్ కుదరలేదు అంటూ తెర నిండా ఎర్రటి అక్షరాలు బారులు తీరేవి. ఆ అక్షరాల్లోనే కింద ఎక్కడో కారణం కూడా ఉంటుంది, కానీ చదివే ఓపిక ఎవరికి? ఒకరు పాస్‌వర్డు మార్చి చూసేవారు, ఒకరు తీగలు ఊడబీకి మళ్లీ పెట్టేవారు, ఒకరు ఇంటర్నెట్ వాళ్ల మీద ఒంటికాలి మీద లేచేవారు. చివరికి మా ఆఫీసు పెద్ద స్వయంగా సర్వరు గదిలోకి వెళ్లి, నిద్రపోతున్న బావమరుదుల మీద నుంచి దాటుకుంటూ, మీట నొక్కి యంత్రం ఆర్పి మళ్లీ వెలిగించేవాడు. వెలిగించగానే అంతా సవ్యంగా నడిచేది. ఇంకేముంది, ఆయన హస్తవాసి గొప్పదని అందరూ పొగడటం, ఆయన మీసం సవరించుకోవడం. ఆర్పితే ఎందుకు బాగుపడుతోంది అని అడిగిన పాపానికి నన్ను, ఆడవాళ్లకు ప్రతిదానికీ అనుమానమే అని నవ్వారు.

ఒకరోజు ఎవరో అధికారి వచ్చి కూర్చున్నప్పుడే ఆ ఎర్రటి అక్షరాలు పడ్డాయి. ఆఫీసు పెద్ద మొహం మాడిపోయింది. రోగం కుదర్చమని చెప్పాల్సిన మనిషి, ఆ ఎర్ర రంగు కనిపించకుండా చెయ్యమని హుకుం వేశాడు. మా పెద్ద ప్రోగ్రామరు, హైదరాబాద్‌లో కొన్నాళ్లు పని చేసి వచ్చానన్న గొప్పతో నేల మీద నడవని మనిషి, తప్పుల మీద ముసుగు కప్పి దాని ముందు ఒక నవ్వే రైతు బొమ్మ పెట్టాడు. పొరపాటుకు చింతిస్తున్నాము, కాసేపాగి రండి అని రాయించాడు. తప్పులన్నీ రాసుకునే ఫైలు కూడా జాగా తినేస్తోందని ఆపించేశాడు. ఆ బొమ్మ తలపాగా ఏ రంగులో ఉండాలన్న దాని మీద మాత్రం పొద్దంతా చర్చ జరిగింది, మిఠాయిలు కూడా పంచారు. నా మిఠాయి బల్ల మీదే వదిలేసి వచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనత్త ఫోను చేసింది. బాపు చెల్లెలు, పెద్దపల్లి దగ్గర పల్లెలో ఉండేది. మామ పోయాడు, కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, కౌలుకు ఇస్తే భూమి చెడిపోతుందని తానే కూలీలను పెట్టుకుని నాటు వేయించి కోత కోయించింది. రోడ్డు మీద వడ్లు ఎండబోసి, కాళ్లతో తిరగదోసి, సెంటరుకు తెచ్చి కుప్ప పోసింది. రోజులు గడుస్తున్నా టోకెన్ రాలేదు. కుప్ప పక్కనే పడుకుంటోంది.

“బిడ్డా, నువ్వు గా కంప్యూటర్ల ఆఫీసులనే పని జేస్తవు గద. జర నా టోకెన్ సంగతి సూడరాదు. మొగులైతాంది, నాకు బుగులైతాంది” అన్నది. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, మబ్బు కమ్ముతోందన్న భయంతో నన్ను అడిగింది.

ఆఫీసులో కూర్చుని ఏడిస్తే లాభం లేదని, మర్నాడు పొద్దున్నే పెద్దపల్లి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ సెంటరుకు వెళ్లాను. అత్త తలకు తువ్వాల చుట్టుకుని కుప్ప దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, తాగడానికి నీళ్లు ఇచ్చి, దోసిట్లోకి వడ్లు తీసుకుని ఎంత గట్టిగా ఎండాయో చూడమంది. ఒక గింజ కొరికి చూపించింది, పటుక్కుమంది. ఆకాశం ఒక పక్క నల్లబడి ఉంది.

ఆపరేటరు గదిలోకి వెళ్లి చూస్తే, అతని ముందున్న కంప్యూటరులో మా వెబ్‌సైటు తెరిచి ఉంది, పక్కన ఇంకొక పాత కంప్యూటరులో అదే తెరిచి ఉంది, ఇంకో బ్రౌజరులోనూ తెరిచి ఉంది. ఏ ఒక్కదాంట్లోనూ పని జరగడం లేదు. ఇన్ని ఎందుకయ్యా అంటే అతను చాలా తెలివైన పని చేసినట్టు నవ్వాడు.

“పొద్దుగాల్నే లాగిన్ అయి పట్టి పెట్టుకుంటం మేడం. ఇడిస్తే మళ్ల దొరకది. గిదేమో మాది, గదేమో పక్కూరి సెంటర్ల మా బామ్మర్ది కోసం ఆపిన. ఎరువుల దుకాణం కాడ లైన్ల చెప్పులు పెట్టమా, గట్లనే!”

యూరియా దొరకని రోజుల్లో దుకాణం ముందు మనుషులకు బదులు చెప్పులూ, పాసుబుక్కులూ వరసలో కూర్చోవడం మనమంతా చూసిందే. ఒకడు తన చెప్పులతో పాటు చిన్నాయన చెప్పులూ, బావ చెప్పులూ తెచ్చి పెట్టి నీడకు పోయి బీడీ కాల్చుకుంటాడు, నిజంగా వచ్చి నిలబడ్డవాడికి మాత్రం చోటుండదు. అందరు ఆపరేటర్లూ ఇదే పని చేస్తున్నారని అతనే చెప్పాడు, ఒకరికొకరు ఫోన్లు చేసుకుని మరీ నేర్పుకున్నారట. అతని మీద నాకు కోపం రాలేదు. లాగిన్ పట్టి ఉంచినంత మాత్రాన డేటాబేసు దారులు మూసుకుపోకూడదు, పోతున్నాయంటే తప్పు మా ఇంట్లోనే ఉంది.

పరుగున ఆఫీసుకు వచ్చి పెద్ద ప్రోగ్రామరు రాసినది మొదటిసారి శ్రద్ధగా చదివాను. ఎవరైనా లాగిన్ కాగానే వాళ్ల పేరు మీద ఒక కనెక్షన్ తీసి పట్టుకుంటున్నాడు, లాగౌట్ అయితే తప్ప తిరిగి ఇవ్వడం లేదు. ప్రతిసారీ కొత్తగా తీసుకోవడం ఆలస్యమవుతుందని ఆయన సొంత తెలివి. ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను చేసే పనిని పక్కన పెట్టి మరీ రాసుకున్నాడు. టోకెన్ తీసేటప్పుడు మాత్రం ఇంకో కనెక్షన్ కావాలి, అది ఎవరికీ మిగలడం లేదు. నా కంప్యూటరులో ముసుగు తీసేసి, వరసగా లాగిన్లు తెరుస్తూ పోతే ఆ ఎర్రటి అక్షరాలు నా ముందే పడ్డాయి. ఆదిలాబాద్ అలవాటు కొద్దీ పైకి చదివాను, ఖాళీ కనెక్షన్ ఏదీ లేదు, అన్నీ వాడుకలో ఉన్నాయి అని అంత స్పష్టంగా రాసి ఉంది. యంత్రం మొదటి రోజు నుంచీ నిజమే చెప్తోంది. ఆర్పి వెలిగిస్తే పట్టుకున్న దారులన్నీ వదిలిపోతాయి కాబట్టి కాసేపు బాగుపడుతోంది, అంతకు మించి మీసం మహిమ ఏమీ లేదు.

దిద్దాల్సింది కొద్ది వరసలే. దిద్ది, సరిచూసుకుని, ఆఫీసు పెద్ద దగ్గరికి పట్టుకెళ్లి చూపించాను. పెద్ద ప్రోగ్రామరు మొహం చిట్లించి, తన కోడ్‌లో తప్పుండటం జరగని పని అన్నాడు. మా అత్త కుప్ప సంగతి, ఆకాశం సంగతి కూడా చెప్పాను, సిగ్గు విడిచి బతిమాలాను. సర్వరు తాళాలు, అంటే పాస్‌వర్డులు, వాళ్లిద్దరి దగ్గరే ఉండేవి, నా చేతిలో ఏమీ లేదు.

“రేపు ఆఫీసర్ సార్ వస్తుండు. గిప్పుడు మిషిన్ ముట్టద్దు. ఖరాబైతే ఎవలు జిమ్మేదారి? రెండు దినాలు ఆగితే ఏం పోతది?” అన్నాడు ఆఫీసు పెద్ద. అంటూనే రేపటికి పూలదండ ఎవరు తేవాలో పురమాయించడంలో పడ్డాడు. సర్వరు గది కడిగించమన్నాడు. ఎన్నడూ తడి గుడ్డ తగలని ఆ మూలన ఫినాయిల్ పోసి రుద్దారు, మరకలు పోక మీద ఒక పూలకుండీ పెట్టారు.

ఆ సాయంత్రం వాన పడింది. కరీంనగర్‌లో మా ఇంటి రేకుల మీద మొదటి చినుకు చప్పుడు వినగానే నేను ఫోను తీసుకున్నాను, అత్త ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది, కుప్ప మీది టార్పాలిన్ పరదా అంచులు గాలికి లేవకుండా ఒక పక్క తాను కూర్చుని, ఇంకో పక్క రాళ్లు పెడుతూ ఉందట, పైన పరదా కప్పినా కింద నుంచి నీళ్లు పారి కుప్ప అడుగంతా నానిందట. ఇవన్నీ తర్వాత పక్క కుప్ప వాళ్లు చెప్తే తెలిసింది.

మర్నాడు అధికారి వచ్చాడు. పొద్దున్నే యంత్రం ఆర్పి వెలిగించి ఉంచారు కాబట్టి తెర మీద అంతా పచ్చగా కనిపించింది, ఆయన భలే ఉందన్నాడు, దండ వేయించుకున్నాడు, ఫోటోలు దిగారు. ఆ ఫోటోలో నన్ను కూడా నిలబెట్టారు, నేను ఎటో చూస్తున్నాను. ఆయన కారు మలుపు తిరగగానే పెద్ద ప్రోగ్రామరు నేను దిద్దిన వరసలే తీసుకెళ్లి సర్వరులో పెట్టాడు. ఆ రోజు నుంచి వెబ్‌సైటు ఒక్కసారి కూడా ఆగలేదు. అతని తెలివికి ఆఫీసు పెద్ద మెచ్చి అందరి ముందూ భుజం తట్టాడు. ఇన్నేళ్లు గడిచాయి, ఆ తట్టిన చప్పుడు గుర్తొస్తే నాకు ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. ఆ సీజను కాగానే ఉద్యోగం మానేశాను.

అత్త టోకెన్ అప్పుడు వచ్చింది, వెంటనే వచ్చింది. కానీ వడ్లు మొలకెత్తడం మొదలైంది, తేమ ఎక్కువని కాంటా దగ్గర తిప్పి పంపారు. మళ్లీ ఎండబోసింది, మళ్లీ చినుకులు పడ్డాయి, చివరికి ఊళ్లోకి వచ్చిన దళారికి వచ్చిన ధరకు ఇచ్చేసింది. నేను చూడటానికి వెళ్లిన రోజున నల్లబడిన గింజలను కోళ్లకు వేరు చేస్తూ కూర్చుని ఉంది. మా ఆఫీసులో జరిగిందంతా చెప్పాను, ఎవరు ఏమన్నారో, నేను దిద్దినది చేతిలో పట్టుకుని ఎలా నిలబడ్డానో, ఎందుకు ఆపారో, అన్నీ. చెప్తూ చెప్తూ నేనే ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది.

“నువ్వేం జేస్తవు బిడ్డా, వాళ్లు మాత్రం ఏం జేస్తరు. సర్వర్ డౌన్ ఉండె” అన్నది.

ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా అత్త నోటి నుంచి ఆ మాట అంత తేలికగా, ఎండ కొట్టింది వాన పడింది అన్నట్టు వచ్చింది. ఆ సెంటరులో ఆపరేటరు రోజూ చెప్పగా చెప్పగా ఆమెకు నోటికి వచ్చేసింది. ఇప్పుడు మన ఊళ్లలో ఆ మాట రానివాళ్లు లేరు, వేములవాడ దారిలో పూలమ్మే ముసలమ్మకూ వచ్చు, హుస్నాబాద్ అంగట్లో మేకలు బేరం చేసే వాళ్లకూ వచ్చు. ఎవరికి ఏ పని ఆగినా సర్వర్ డౌన్ అంటే తల ఊపి ఇంటికి పోతున్నారు. ఆ మాట వెనక ఎవరో కునుకు తీస్తున్నారనో, పూలదండ కొంటున్నారనో ఎవరికీ తోచదు, తోచకుండా చేసిన వాళ్లలో నాతో పాటు పని చేసిన వాళ్లున్నారు.

నా చిన్నతనంలో ఇదే అత్త సంగతి చెప్తాను. కంప్యూటర్లు లేని కాలం, మార్కెట్ యార్డులో కాంటా కొట్టేవాడు తక్కెడ ముల్లు ఒక పక్కకు నొక్కి పట్టి తూస్తున్నాడని కనిపెట్టి, వాడి భుజం మీది తువ్వాల గుంజి పట్టుకుని యార్డు దద్దరిల్లేలా తిట్టింది. చుట్టూ ఉన్న రైతులందరూ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు, వాడు దండం పెట్టి మొత్తం మళ్లీ తూశాడు. బాపు ఇంటికి వచ్చి ఆ తిట్లు చెప్పబోతే అవ్వ నా చెవులు మూసింది. ఆ రోజుల్లో మోసం లేదని నేను అనను, బోలెడంత ఉండేది. మోసానికి ఒక మొహం ఉండేది, పట్టుకోవడానికి ఒక తువ్వాల దొరికేది.

అంత నోరున్న మనిషి ఆ రోజు మొలకెత్తిన వడ్లు ఏరుతూ ఒక్కరిని కూడా తిట్టలేదు. ఆమె నన్నైనా తిట్టి ఉంటే బాగుండేది.